గాలం మింగిన చిన్న చేపని వదిలేస్తే సరిపోతుందా?

మత్స్యావతారం వీడియో పెట్టాక వచ్చిన కామెంట్లలో ఒకే ప్రశ్న వేర్వేరు మాటల్లో చాలాసార్లు కనిపించింది. అడిగినవాళ్లలో ఎక్కువమంది మన పటాన్‌చెరు, ఇస్నాపూర్, సంగారెడ్డి వైపు వాళ్లే. వారమంతా కంపెనీలో షిఫ్టులు. ఆదివారం వస్తే గాలం కర్ర పట్టుకుని ఏ చెరువు గట్టుకో, సింగూరు బ్యాక్‌వాటర్ దగ్గరికో వెళ్తారు. పెద్ద చేప పడితే ఇంటికి తెచ్చుకుంటారు, చిన్నది పడితే వదిలేస్తారు. అంతవరకు వాళ్లకి ఇబ్బంది లేదు. కానీ ఒక్కోసారి అరచేయంత కూడా లేని పిల్ల చేప ఎరతో పాటు గాలాన్ని కూడా మింగేస్తుంది. లాగితే రక్తం వస్తుంది. వదిలితే గాలంతో పాటే పోతుంది. ఏది చేస్తే పాపం తక్కువ?

'పాపం తక్కువ' అన్న మాట నాకు నచ్చింది. నిజాయితీగా అడిగిన మాట అది. చాలామంది అసలు పాపం ఉందా లేదా అని అడుగుతారు, లేదని చెప్పించుకోవడానికి. ఇక్కడ అడిగినవాళ్లకి ఉందని తెలుసు. చేతిలో చేప కొట్టుకుంటుంటే ఏం చేయాలన్నదే వాళ్ల బాధ.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను చేపలు తినను. మా ఇంట్లో తినేవాళ్లు ఉన్నారు. కింద రాసేది చదివి 'శాకాహారి నీతులు' అనుకోవద్దు, 'మాంసాహారానికి వత్తాసు' అని కూడా అనుకోవద్దు. రెండూ అంటారని తెలుసు, అయినా చెప్తున్నా.

శాస్త్రం తర్వాత, ముందు చేప సంగతి చూద్దాం. పెదవికి గుచ్చుకున్న గాలం వేరు, మింగిన గాలం వేరు. పెదవికైతే చెయ్యి తడి చేసుకుని, చేపని నీళ్లలోనే ఉంచి, గాలం ఎటు నుంచి దిగిందో అటే వెనక్కి తిప్పితే క్షణాల్లో వచ్చేస్తుంది. మింగితే అది గొంతు లోపల, అన్నవాహికలో ఎక్కడో దిగుతుంది. అక్కడ అంతా ఇరుకు. రెండు పక్కలా మొప్పలు, కింద దగ్గర్లోనే గుండె. మొప్పలంటే చేపకి ఊపిరితిత్తులు, పల్చటి పొర వెనకాలే రక్తం పారుతుంటుంది, అందుకే అంత ఎర్రగా ఉంటాయి. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది కదా, పడిన చేప జారిపోకుండా పెట్టింది. లాగినప్పుడు చీల్చేది అదే. చేప ఎంత చిన్నదైతే గాలానికీ గుండెకీ మధ్య దూరం అంత తక్కువ.

అందుకే ఇలాంటప్పుడు చేయాల్సిన పని చాలా చిన్నది. దారాన్ని నోటికి వీలైనంత దగ్గరగా కత్తిరించి, గాలాన్ని లోపలే ఉంచి చేపని వదిలేయడం. వినడానికి క్రూరంగా ఉంటుంది. కానీ ట్రౌట్, బ్లూగిల్ లాంటి చేపల మీద అమెరికా, కెనడాల్లో చేసిన పరిశీలనల్లో తేలింది ఇదే. లోతుగా దిగిన గాలాన్ని బలవంతంగా తీసేసిన చేపల కంటే, దారం కత్తిరించి వదిలేసిన చేపలు ఎక్కువగా బతికాయి. కొన్ని రోజులు గడిచాక గాలాన్ని తామే బయటికి తోసేసినవి కూడా ఉన్నాయి. అన్నీ బతకలేదు, ఆ మాట కూడా చెప్పాలి. మన రవ్వకైనా బొచ్చెకైనా గొంతులో గుండె, మొప్పలు ఉండేది అలాగే, కాబట్టి పద్ధతీ అదే.

ఇంకో రెండు విషయాలు. పొడి చేత్తోనో గుడ్డతోనో పట్టుకోకూడదు. చేప ఒంటి మీద జిగురు పొర ఉంటుంది. అది పోతే జబ్బులు పట్టుకుంటాయి. మొప్పల్లో వేలు పెట్టి ఎత్తకూడదు. గట్టు మీద ఎండలో పడేసి ప్లయర్ కోసం బ్యాగులో వెతికే ఒక్కో నిమిషం దానికి ఊపిరాడని నిమిషమే.

ఇదంతా తెలిసినా లాగుతాం. ఎందుకు? నాకు కనిపించిన కారణాలు రెండు. ఒకటి చిల్లర కారణం, గాలం మళ్లీ పనికొస్తుందని. దాని గురించి మాట్లాడక్కర్లేదు. రెండోదే ఆలోచించాల్సింది. 'లోపల ఇనుము పెట్టుకుని అది ఎలా బతుకుతుంది, తీసేస్తే నా మనసుకి ప్రశాంతంగా ఉంటుంది' అనిపిస్తుంది. ఆ వాక్యంలో చివరికి ఎవరున్నారో చూడండి. నా మనసు. చేప గొంతు చీలినా పర్వాలేదు, నా గాలం నా చేతికొస్తే లెక్క సరిపోయినట్టు. దయ అనుకుని చేసే పనుల్లో ఎన్ని ఇలాంటివో! గాలం తీసి, చేపని రెండు చేతుల్లో పట్టుకుని, మెల్లగా నీళ్లలోకి జార్చే వీడియోలు రీల్స్‌లో చాలా వస్తున్నాయి. మ్యూజిక్ బాగుంటుంది. నీళ్లలోకి వెళ్లాక పది నిమిషాలకి దానికి ఏమైందో ఎవరూ చూపించరు.

చేపకి నొప్పి తెలుస్తుందా అని కూడా అడిగారు. 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త బృందం రెయిన్‌బో ట్రౌట్ పెదవుల దగ్గర నొప్పిని పసిగట్టే నాడులు ఉన్నాయని చూపించింది. అక్కడ ఆమ్లం ఎక్కించిన చేపలు పెదవులని గులకరాళ్లకి రుద్దుకున్నాయి, చాలాసేపు మేతే ముట్టుకోలేదు. అది మన నొప్పి లాంటి నొప్పేనా అని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఆ వాదన తేలేదాకా ఆగాలా? రాళ్లకి మూతి రుద్దుకునే జీవిని చూశాక నాకైతే ఆగాలనిపించలేదు. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో కూడా జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా అనే ఉంది. చేపని పక్కన పెట్టలేదు.

ఇప్పుడు కథ దగ్గరికి వద్దాం. పోతన భాగవతంలో మత్స్యావతార కథ అష్టమ స్కంధంలో వస్తుంది. సత్యవ్రతుడనే రాజు కృతమాల నదిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి ఓ చిన్న చేప వచ్చింది. రాజు ఏం చేశాడు? నీళ్లతో పాటు నదిలోకి వదిలేశాడు. సరిగ్గా మీరు చేసే పనే. గాలం లేదు, గాయం లేదు, తడి చెయ్యి, ఇంతకంటే మంచి రిలీజ్ ఉండదు. కానీ కథ అక్కడ అయిపోలేదు. ఆ చేప అతన్ని అడిగింది, ఇక్కడ పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి, నన్ను ఇందులోకే ఎందుకు తోసేస్తావు అని. అప్పుడు రాజు దాన్ని కమండలంలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాడు. అది చాలకపోతే ఇంకా పెద్ద పాత్ర, తర్వాత మడుగు, ఆ తర్వాత సరస్సు, చివరికి సముద్రం.

అది విష్ణువని మనకి తెలుసు కాబట్టి ఆ చిన్న చేప మాటని మనం తొందరగా దాటేస్తాం. నాకు మాత్రం ఆ మాటే ఈ ప్రశ్నకి అసలు జవాబులా కనిపిస్తుంది. చేతిలోంచి జారిపోయినంత మాత్రాన బాధ్యత జారిపోదు. సత్యవ్రతుడు చేపని గాయపరచలేదు, పట్టాలని కూడా అనుకోలేదు. అయినా దాని పరిస్థితి తెలిశాక 'వదిలేశాను కదా' అనలేదు. గాలం వేసి, ఎర పెట్టి, గొంతులో గాయం చేసిన మనకి ఆ మాట అనే హక్కు ఇంకెక్కడిది?

ఇంకో గ్రంథం కూడా ఇక్కడికి వస్తుంది, ఈసారి ఆశ్చర్యంగా. పతంజలి యోగసూత్రాల రెండో పాదంలో అహింస లాంటి యమాలు జాతి, దేశం, కాలం, సందర్భం అనే హద్దులు లేకుండా ఉంటే మహావ్రతం అంటాడు. హద్దులున్న అహింస ఎలా ఉంటుందో చెప్పడానికి వ్యాసభాష్యం ఎంచుకున్న మొదటి ఉదాహరణ ఎవరనుకున్నారు? చేపలు పట్టేవాడు. అతను చేపలని తప్ప వేరే ప్రాణిని చంపడు. ఇది జాతి హద్దు. పుణ్యక్షేత్రంలో చంపను అనేది దేశం హద్దు. చతుర్దశి రోజున, పుణ్య దినాన చంపను అనేది కాలం హద్దు. మన కార్తీకమాసం, మన శనివారాలు, శివరాత్రికి ఏడుపాయల వెళ్లొచ్చేదాకా నీచు ముట్టననే మొక్కు, అన్నీ ఈ పట్టికలోవే. వందల ఏళ్ల కింద రాసిన పుస్తకంలో మన ఇంటి క్యాలెండర్ ఉంది!

భాష్యకారుడు ఆ చేపలవాణ్ణి వెక్కిరించలేదు. అది మహావ్రతం కాదన్నాడు, అంతే. హద్దులున్నదైనా వ్రతమే. 'చిన్నవి వదిలేస్తాను' అనేది కూడా అలాంటి చిన్న వ్రతమే, సైజు హద్దుగా పెట్టుకున్న అహింస. నేను దాన్ని తక్కువ చేయను. కానీ దాంట్లో ఒక చిల్లు ఉంది. మీ వ్రతం మీకు తెలుసు, మీ గాలానికి తెలియదు. అది పిల్లదా పెద్దదా అని చూసి గుచ్చుకోదు. చేప నోట్లోకి వెళ్లాక వ్రతం గుర్తొస్తే అప్పటికి మిగిలేవన్నీ చెడ్డ దారులే. లాగాలా, కోయాలా, చంపాలా? అందుకే ఈ వ్రతం ఉండాల్సింది వదిలే చేతిలో కాదు, ఆదివారం పొద్దున గాలం కట్టేటప్పుడు.

అంటే పని చాలా మామూలుది. చిన్న చేప నోట్లో పట్టని పెద్ద గాలం కట్టండి. వెనక్కి తిరిగిన ముల్లుని ప్లయర్‌తో నొక్కి చదును చేయండి. కొన లోపలికి వంగి ఉండే గుండ్రటి గాలాలు, సర్కిల్ హుక్స్ అంటారు, అవి గొంతులో దిగకుండా ఎక్కువగా మూతి మూలనే పట్టుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, కర్రని గట్టు మీద గుచ్చేసి ఫోన్ చూసుకోవద్దు. బెండు కదిలిన వెంటనే చూసుకుంటే గాలం పెదవి దగ్గరే ఉంటుంది. మీరు రీల్ చూసి తలెత్తేలోగా అది కడుపులోకి పోతుంది. ఎక్కువ చేపలు గాలం మింగేది ఇలాగే. ఒకే చోట వరసగా పిల్ల చేపలే పడుతున్నాయంటే కర్ర తీసేసి వేరే చోటికి వెళ్లడమో, ఇంటికి రావడమో చేయాలి. పదోది కూడా వదిలేశాను అని చెప్పుకోవడంలో ఏముంది?

ఇక కష్టమైన ముక్క. గాలం మింగింది, మొప్పల్లోంచి రక్తం ధారగా కారుతోంది, ఒళ్లు పక్కకి ఒరిగిపోతోంది. ఇది బతకదని మీకే తెలుస్తోంది. అప్పుడు కూడా వదిలేయాలా? కాదంటాను. దాన్ని నీళ్లలోకి విసిరేస్తే అది చావడం ఆగదు, మన కళ్ల ముందు చావడం మాత్రమే ఆగుతుంది. తల వెనక ఒక్క గట్టి దెబ్బతో ప్రాణం తీసేసి, ఇంటికి తీసుకెళ్లి వండుకుని తినడమే అక్కడ మిగిలిన మర్యాద. చిన్నదైనా సరే. ముళ్లెక్కువ, రుచి ఉండదు, వేళ్లంత కూడా కూర రాదు, అయినా. ఒక శాకాహారి ఇలా రాయడం కొందరికి కోపం తెప్పిస్తుంది. కానీ ఆలోచించండి. చంపిన పని మనది కాకుండా పోవాలని కోరుకోవడం అహింస కాదు, చేతులు కడుక్కోవడం. యోగసూత్రాలే ఇంకోచోట చెబుతాయి, హింస స్వయంగా చేసినా, చేయించినా, సరేనని ఊరుకున్నా హింసే అని. అది లోభంతోనో క్రోధంతోనో మోహంతోనో పుడుతుందని కూడా. విసిరేసి అటు తిరిగిపోవడాన్ని నేను మోహం కిందే వేస్తాను.

దీంట్లోంచి ఇంకో ప్రశ్న వస్తుంది. తినే ఉద్దేశమే లేకుండా, పట్టి వదిలేయడం కోసమే పట్టేవాళ్ల సంగతేంటి? హైదరాబాద్ నుంచి ఖరీదైన కర్రలు తెచ్చుకుని వచ్చేవాళ్లు కొందరు 'మేం చంపం, ఓన్లీ క్యాచ్ అండ్ రిలీజ్' అని గర్వంగా రాశారు. స్విట్జర్లాండ్‌లో ఆ లెక్క తిరగబడుతుంది. వదిలేయాలనే ఉద్దేశంతోనే చేపలు పట్టడాన్ని అక్కడి చట్టం ఒప్పుకోదు. ఆకలి కోసం బాధపెట్టడానికి ఒక కారణమైనా ఉంది, ఆట కోసం బాధపెట్టడానికి ఏముంది అనేది దాని వెనక ఆలోచన. నా మనసు కూడా అటే మొగ్గుతుంది. పులుసు కోసం పట్టేవాడు ఒక మాటైనా చెప్పుకోగలడు. ఆటకి పట్టేవాడు చేపకి ఏం చెప్పగలడు?

ఈ చెరువుల మీద బతికే ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల మీద నేనిక్కడ ఒక్క మాట కూడా అనడం లేదు. మహాభారతం అనుశాసన పర్వంలో చ్యవన మహర్షి నీటి అడుగున పన్నెండేళ్లు తపస్సు చేస్తూ చేపలతో పాటు వలలో పడతాడు. ఒడ్డున పడి కొట్టుకుంటున్న చేపలని చూసి, వీటితో కలిసి ఉన్నవాణ్ణి, పోతే వీటితోనే పోతాను, అమ్మితే వీటితో పాటే అమ్మండి అంటాడు. వణికిపోతున్న జాలరులని మాత్రం శపించడు. చివరికి చేపలకీ జాలరులకీ ఇద్దరికీ స్వర్గం ఇప్పిస్తాడు. నాకు చాలా ఇష్టమైన కథ, దీని మీద వేరే వీడియో చేస్తాం. ఇంకో సంగతి, 2016లో ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలని వదిలే పథకం మొదలుపెట్టింది. మీ గాలానికి పడిన ఆ చిన్న రవ్వ అలా వానాకాలంలో వదిలినది అయ్యుండొచ్చు. అది పెరిగితే సొసైటీలో సభ్యుడైన ఒకాయన ఇంటికి బియ్యం. అంటే ఆ పిల్ల చేపని చంపితే చేపకే కాదు, ఆయనకి కూడా అప్పుపడతారు. సొసైటీ వాళ్లని అడగకుండా గాలం వేయడం సరికాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఒకరు తెలివైన ప్రశ్న వేశారు. భాగవతంలోనే అవధూత తన ఇరవై నాలుగు మంది గురువుల్లో చేపని కూడా చెప్పాడు కదా, నాలుక మీద అదుపు లేక గాలానికి చిక్కింది, తప్పు చేపది కాదా అని. అవధూత ఆ మాట చెప్పింది మన నాలుక గురించి, చేప మీద కేసు పెట్టడానికి కాదు. పైగా ప్రతి చేపా ఆశతోనే గాలం పట్టదు. మన రాష్ట్ర చేప కొర్రమీనునే చూడండి. పిల్లలు గుంపుగా నీటి పైకి వచ్చి తిరుగుతుంటే తల్లీతండ్రీ కింద కాపలా కాస్తుంటాయి. ఆ గుంపు మీదుగా ఏది కదిలినా మీద పడతాయి. ఆ సంగతి తెలిసి అక్కడే కప్ప ఎర వేసేవాళ్లున్నారు. అప్పుడు గాలానికి పడింది నాలుక కాదు, కాపలా. కాపలా లేని ఆ పిల్లలని మిగతా చేపలు ఎంతసేపు ఉండనిస్తాయి? పిల్లల గుంపు కనబడితే అక్కడ గాలం వేయకండి. ఇది మాత్రం నేను సలహాలా కాదు, బతిమాలి చెబుతున్నా.

చివరగా, వదిలే నీళ్ల సంగతి. సత్యవ్రతుడి చేప భయపడింది పెద్ద చేపలకి. మన నక్కవాగులో చేప దేనికి భయపడాలి? పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో వివరాలు ప్రచురించింది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ఆ వాగులు వెళ్లి కలిసేది మంజీరలోనే. 2017లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. ఆ చేపల్లో ఒక్కటి కూడా గాలం మింగలేదు.

ఈ పోస్ట్ చదివేవాళ్లలో ఆ కంపెనీల్లోనే పనిచేసేవాళ్లు ఉన్నారని తెలుసు. మీ ఉద్యోగం మీద నింద వేయడం లేదు, ఆ మందులతో మా ఇంట్లోనూ జ్వరాలు తగ్గాయి. కానీ రాత్రి షిఫ్టులో వాన పడుతున్నప్పుడు ఏ వాల్వు తిప్పుతున్నారో, ట్యాంకర్ ఎక్కడికి పోతోందో మాలాంటి వాళ్లకంటే ముందు తెలిసేది మీకే. ఆదివారం గొంతులో గాలం చూసి బాధపడిన మనిషి బుధవారం రాత్రి కూడా అదే మనిషి కదా. సత్యవ్రతుడు కమండలం నుంచి సముద్రం దాకా మార్చుకుంటూ పోయింది చేపని కాదు, దానికి సరిపడే నీళ్లని. కంపెనీలో ఒక్కడు ఏం చేయగలడని అడుగుతారు. ఒక్కడుగా కష్టమే, ఉద్యోగం పోతుందనే భయం నిజమైన భయమే. చూసింది తేదీ వేసి రాసి పెట్టుకోవడం, పక్కన ఇద్దరితో మాట్లాడటం, కాలుష్య నియంత్రణ మండలికి పేరు లేకుండానైనా రాయడం చేయొచ్చు.

మంజీర అభయారణ్యం పరిధిలో గాలం అసలు వద్దు, అక్కడ చేపల వేట నిషేధం, పైగా నీళ్లలో మొసళ్లు ఉన్నాయి. మిగతా చోట్ల వెళ్లేవాళ్లు జేబులో ఒక చిన్న కత్తెర పెట్టుకోండి. కత్తిరించాక మీ చేతిలో మిగిలిన దారం ముక్కని గట్టు మీద పడేయకండి, జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేయండి. అమీన్‌పూర్ లాంటి చెరువుల దగ్గర కొంగ కాలికి ఆ నైలాన్ దారం చుట్టుకుంటే అది ముక్కుతో తెంపుకోలేదు, విప్పడానికి మనుషులని దగ్గరికి రానివ్వదు.